మొదటి డబుల్స్‌కి పెద్ద స్టీలు జతే కొనాలా?

"మొదటిసారి డబుల్స్ కొంటున్నారా? దొరికినంతలో పెద్ద స్టీలు సిలిండర్లే తీసుకోండి. గాలి ఎక్కువ, సీసం అక్కర్లేదు, ఎప్పటికీ పనికొస్తాయి." స్కూబా డైవర్ల మధ్య ఈ సలహా బాగా తిరుగుతోంది. డబుల్స్ అంటే వీపు మీద జతగా కలిపి మోసే రెండు గాలి సిలిండర్లు. సీసం అంటే నీళ్లలో మునగడానికి కట్టుకునే బరువులు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ దీన్ని నమ్మి వెట్‌సూట్ (చలి ఆపే నురుగు రబ్బరు దుస్తులు) మీద బరువైన స్టీలు జత తగిలించుకునే కొత్తవాళ్లను తలచుకుంటే నాకు భయం వేస్తుంది.

ముందు సీసం సంగతి, ఎందుకంటే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బరువు లెక్క డైవ్ చివరి క్షణాలకు కట్టాలి. సిలిండర్లు దాదాపు ఖాళీ అయ్యాక కూడా 5 మీటర్ల దగ్గర కదలకుండా ఆగగలగాలి. గాలికీ బరువుంటుంది మరి. 12 లీటర్ల సిలిండర్లు రెండింటిని 200 బార్‌కు నింపితే లోపలి గాలే సుమారు 6 కిలోలు. అంటే ఎంత సరిగ్గా సర్దుకున్నా, దిగేటప్పుడు ఆ 6 కిలోలు అదనంగా మోస్తూనే దిగుతాం. లోతుకు పోయేకొద్దీ వెట్‌సూట్ నలిగి తేలే గుణం తగ్గిపోతుంది. సూట్ మందంగా ఉంటే అక్కడ ఇంకొన్ని కిలోలు. ఖాళీ అయ్యాక కూడా బాగా మునిగే పెద్ద స్టీలు జతైతే ఆ బరువు వీటికి తోడు.

సరిగ్గా అప్పుడు వింగ్, అంటే తేలడానికి గాలి నింపుకునే వీపు మీది సంచి, చిరిగిందనుకోండి. సీసం ఉంటే కొంత వదిలేసి కాళ్లాడిస్తూ పైకి రావచ్చు. బరువంతా స్టీలులోనే ఉంటే ఏం వదులుతారు? ఊపిరి ఆ సిలిండర్లలోనే ఉంది.

లోపలికి నీళ్లు రాని డ్రైసూట్ వేసుకునేవాళ్ల సంగతి వేరు. వింగ్ పోయినా సూట్‌లోకి గాలి నింపుకుని లేవచ్చు, వాళ్లకు స్టీలు చక్కగా కుదురుతుంది. పల్చటి వెట్‌సూట్‌తో దిగేవాళ్లకు నేను 11.1 లీటర్ల అల్యూమినియం జతే చెబుతాను. ఖాళీ అయ్యేసరికి ఒక్కో సిలిండర్ సుమారు 2 కిలోల మేర పైకి లాగుతుంది, కాబట్టి కొంత సీసం కట్టుకోవాలి. అవసరమైతే వదిలేయగలిగే సీసం అది.

ఇక "గాలి ఎక్కువ" అన్నది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి 4 రెట్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 80 లీటర్లు పోతాయి. అల్యూమినియం జతలో 200 బార్ దగ్గర సుమారు 4,400 లీటర్లు ఉంటాయి. మూడో వంతు ఆపదకని ముట్టకుండా ఉంచినా 36 నిమిషాలు వస్తుంది. మామూలు గాలితో, డికంప్రెషన్ స్టాప్‌ల (ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి పైకి వస్తూ మధ్యలో ఆగడం) అవసరం లేకుండా ఆ లోతులో ఉండగలిగేది 20 నిమిషాల చుట్టుపక్కలే. డికంప్రెషన్ శిక్షణ లేనివాళ్లకు అంతకంటే పెద్ద జత ఇచ్చేది వీపు నొప్పి తప్ప అదనపు సమయం కాదు.

"ఎప్పటికీ పనికొస్తాయి" అనేది మీ ఒంటికి సరిపోతేనే. సిలిండర్లు మరీ పొడవైతే పైన తలకు, కింద తుంటికి తగులుతాయి. 12 లీటర్ల స్టీలులోనే 171 మిల్లీమీటర్ల వ్యాసంతో పొడవువీ, 203తో పొట్టివీ దొరుకుతాయి. పొట్టి మనిషికి రెండోవే నయం. మధ్యలోని ఐసోలేటర్ వాల్వ్ ఒక పక్క గాలి కారితే మిగతా సగాన్ని కాపాడుతుంది, అదీ చేయి వెనక్కి పెట్టి దాన్ని తిప్పగలిగితేనే. పాత అల్యూమినియం కొంటుంటే 6351 మిశ్రమంతో చేసినవి వద్దు. వాటి మెడ దగ్గర పగుళ్లు వస్తాయి. ఇప్పటివి 6061తో చేస్తున్నారు.

డబ్బు కట్టేముందు ఒక జత అరువు తెచ్చుకోండి. లోతు తక్కువ చోట, శిక్షకుణ్ని పక్కన పెట్టుకుని, నిండు సిలిండర్లతో వింగ్ పూర్తిగా ఖాళీ చేసి పైకి ఈదండి. అక్కడ వెట్‌సూట్ పెద్దగా నలగదు కాబట్టి, ఆ లోటుకు రెండు మూడు కిలోలు అదనంగా కట్టుకుని మరోసారి ఈది చూడండి.