హంపు ఎక్కిన చదువు

మన ఇంటర్మీడియట్ విద్యకు రైల్వేవారు చేసిన మేలును ఇంతవరకూ ఎవరూ గుర్తించలేదు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులను బట్టి పిల్లలను విడదీసి, సెక్షన్లు మార్చి, పెట్టె బేడా సహా మరో బ్లాకుకు తరలించే విద్యను కార్పొరేట్ కళాశాలలు సొంతంగా కనిపెట్టాయని జనం నమ్ముతున్నారు. కాదు. అది, వచ్చిన వ్యాగన్లను పోవలసిన ఊరిని బట్టి విడదీసే గూడ్సు యార్డు విద్య. ఎత్తుకొచ్చినవారు కనీసం ఒక శిలాఫలకమైనా వేయించి ఉండవలసింది.

మా నాన్న యార్డులో ట్రెయిన్స్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. తోటివాళ్లు నంబర్ టేకర్ అనేవారు. చేతిలో లాంతరు, చంకలో పుస్తకం. వచ్చిన గూడ్సు పక్కనే కంకర మీద నడుస్తూ ఒక్కో వ్యాగన్ నంబరు, అది పోవలసిన ఊరు రాసుకోవడం ఆయన పని. వానాకాలం రాత్రి డ్యూటీ దిగి వస్తే పుస్తకం మాత్రం పొడిగా ఉండేది, మనిషి తడిసి ముద్దయ్యేవారు.

ఈ విద్యకు కాశీ లాంటి క్షేత్రం కాశీ పక్కనే ఉంది. అది మొఘల్‌సరాయ్ యార్డు. 12 కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఆసియాలోనే పెద్దదని పేరు. (2018లో స్టేషన్ పేరు మార్చారు. వ్యాగన్లకు చదువు రాదు కాబట్టి ఇబ్బంది కలగలేదు.) వచ్చిన బండిని వెనకనుంచి ఇంజనుతో మెల్లగా ఒక మిట్ట మీదికి నెట్టిస్తారు. ఆ మిట్టే హంపు. కొసకు రాగానే కొక్కెం విప్పేస్తారు. ఆపైన వ్యాగన్‌కు ఇంజను లేదు, డ్రైవరు లేడు, భూమ్యాకర్షణే దిక్కు. అది దొర్లుతూ దిగుతుంటే కేబిన్‌లో కూర్చున్నవాళ్లు పట్టాలు చీలే చోట పాయింట్లు మార్చి గయ వ్యాగన్‌ను గయ లైనులోకి, పట్నా వ్యాగన్‌ను పట్నా లైనులోకి మళ్లిస్తారు. వేగం మించితే చక్రాలను రెండు వైపుల నుంచీ నొక్కిపట్టే రిటార్డర్లు ఉంటాయి. అవి లేనిచోట ఒక మనిషి పరుగున వెళ్లి పట్టా మీద చక్రాన్ని ఆపే ఇనప స్కిడ్ పెడతాడు.

మా మేనల్లుడు చదివే కళాశాలలో హంపు ఆదివారం ఉదయం ఉంటుంది. సోమవారానికల్లా నోటీసు బోర్డు మీద జాబితా, సాయంత్రానికి కొత్త సెక్షన్. రిటార్డర్ల దగ్గర మాత్రం యాజమాన్యం ఖర్చు తగ్గించుకున్నట్టుంది.

సిక్ లైను కూడా పెట్టలేదు. యార్డులో పరీక్షకుడు వ్యాగన్ కింద తొంగిచూసి, స్ప్రింగు విరిగిందనో బేరింగు వేడెక్కిందనో అనిపిస్తే సుద్దముక్కతో సిక్ అని రాసేవాడు. దాన్ని విడిగా ఒక లైనులో నిలబెట్టి బాగుచేసేవారు. ఫిట్ అని మళ్లీ రాసేదాకా స్టేషన్ మాస్టరు వచ్చి బతిమాలినా బండికి తగిలించేవారు కాదు. మేనల్లుడు 102 జ్వరంతో ఫిజిక్స్ రాశాడు. పోటీ ప్రపంచంలో స్ప్రింగులు చూస్తూ కూర్చుంటే కుదరదు మరి.

అమెరికాలో నెబ్రాస్కాలోని బెయిలీ యార్డు ప్రపంచంలోకెల్లా పెద్దదంటారు. అక్కడ జనం టికెట్టు కొని గోపురం ఎక్కి ఆ విడదీత చూస్తారు. మనకంత శ్రమ లేదు. ఫలితాలు రాగానే ఒకటి, ఒకటి, ఒకటి అంటూ టీవీలే ఇంటికి తెచ్చి చూపిస్తాయి.

ఇదంతా నాన్నకు గర్వంగా వివరించాను. ఆయన అంతా విని, "పిల్లలు ఎక్కడెక్కడికి పోవాలి?" అని అడిగారు.

"అందరూ ఐఐటీకే."

"అందరి లేబులూ ఒకటేనా?"

"ఒకటే."

"మరి విడదీయడం దేనికి?"

పాతకాలపు మనిషి. యార్డులో బొగ్గు వ్యాగన్ గొప్పదా సిమెంటు వ్యాగన్ గొప్పదా అని ఎవరూ అడగరట, ఏ ఊరికి పోతుందన్నదే లెక్కట. పైగా రైల్వేవారే ఈ విద్యను చాలావరకు వదిలేశారని కూడా చెప్పారు. 1980 ప్రాంతంలో ఒక వ్యాగన్ సరుకు ఎక్కించుకుని, దింపి, మళ్లీ సరుకు ఎక్కించుకోవడానికి సగటున 15 రోజులు పట్టేది. అందులో నడిచే కాలం కొంచెం, యార్డుల్లో నిలబడే కాలం బోలెడు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని, బండి బండంతా ఒకే చోట నింపి, ఒకే ఊరికి, మధ్యలో విప్పకుండా నడపడం మొదలుపెట్టారు. 2000 నాటికి ఆ 15 రోజులు సగానికి దిగాయి. హంపులు చాలా చోట్ల గడ్డి మొలిచి ఊరుకున్నాయి. రైల్వే పారేసిన సామాను వృథా పోకుండా విద్యారంగం అందుకోవడాన్ని పొదుపు అంటారు, నాన్నకు అర్థం కాలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి మేనల్లుడు బయలుదేరుతుంటే ఆయన సుద్దముక్క తీసుకుని వాడి ఇనప్పెట్టె మీద గుండ్రటి అక్షరాలతో "హంపు షంటింగ్ చేయరాదు" అని రాశారు. గ్యాస్ ట్యాంకర్ వ్యాగన్ల మీద అలాంటి మాటే రాసి ఉంటుంది. పేలేవాటిని మిట్ట ఎక్కించి వదలరు.

వారం తిరగకుండా వార్డెన్ ఫోను. పెట్టె మీద అనధికార రాతలకు 200 రూపాయల జరిమానా. అబ్బాయికి మార్కులు తగ్గినందున బ్లాకు మార్చామని కూడా చెప్పాడు.

"పెట్టె చేరిందా?" అన్నాను.

"అబ్బాయి చేరాడండీ. పెట్టె ఏ బ్లాకులో దిగిందో కనుక్కోవాలి."

నాన్న పేపరు పక్కన పెట్టారు. లేబులు ఊడిపోయి, కాగితాలు జతపడక యార్డు మూల నెలల తరబడి పడి ఉండే వ్యాగన్లను అన్‌కనెక్టెడ్ అనేవారు. వాటి కోసం ఆయన లాంతరు పట్టుకుని తిరిగిన రాత్రులకు లెక్కలేదు.

"నంబరు రాసుకున్నారేమో అడుగు," అన్నారు.