ర్యాంకులు కాదు, టీసీలు లెక్కపెట్టండి

సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఉండగానే హనుమకొండ నయీంనగర్ నుంచి భీమారం, ఎర్రగట్టుగుట్ట దాకా ప్రైవేటు హాస్టల్ బడుల ఫ్లెక్సీలు మారిపోతాయి. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు, ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెచ్చే పీఆర్వోల బండ్లు బయల్దేరతాయి. ఏడో తరగతి పిల్లాడు ఎవరింట్లో ఉన్నాడో వాళ్లకు ముందే తెలుసు. ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే కన్సెషన్ అంటారు. అమ్మానాన్నలు మూడు నాలుగు బ్రోచర్లు ముందేసుకుని కూర్చుంటారు. ఎవరికెన్ని ర్యాంకులొచ్చాయి, ఏసీకి ఎంత, నాన్ ఏసీకి ఎంత, మెస్ ఎట్లుంది?

ఈ పోలికలోంచి ర్యాంకులను పూర్తిగా తీసేయాలని నా వాదన.

ఫ్లెక్సీ మీది అంకె సంస్థ మొత్తానిది. రెండు మూడు రాష్ట్రాల్లోని బ్రాంచీలన్నీ కలిపిన లెక్క అది. మీ పిల్లాడు చేరేది భీమారంలోని ఒక్క భవనంలో. అక్కడ పాఠం చెప్పే సారు వేరు, వార్డెన్ వేరు, వంట వేరు. పైగా ఆ అంకె కింద ఎంతమంది పిల్లలున్నారో ఎక్కడా రాయరు. భిన్నాలు నేర్పే బడి మనకు లవం చూపించి హారం దాచేస్తోంది. దేశంలోని ఐఐటీలన్నింట్లో కలిపి సీట్లు సుమారు 18 వేలు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఏటా 15 లక్షలకు దగ్గర. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ మొదలుపెట్టే ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరిన పిల్లల్లో అత్యధికులు ఆ ఫ్లెక్సీ మీదికి ఎక్కరు. వాళ్లేమయ్యారన్నది మనం అడగం.

అడగాల్సిన అంకె ఒక్కటే. ఈ భవనంలో ఎనిమిదో తరగతి హాస్టల్లో చేరినవాళ్లలో పదో తరగతిలోకి వచ్చేలోపు ఎంతమంది టీసీ తీసుకుని వెళ్లిపోతున్నారు?

ఇది నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. నాలుగేళ్ల కిందట మా చెల్లెలు కొడుకును హనుమకొండ దగ్గర ఒక హాస్టల్లో వేసింది. ఔటింగ్ ఆదివారం నాడు గేటు బయట వేపచెట్టు కింద స్టీలు డబ్బాలతో పొద్దుటి నుంచే తల్లులు నిలబడేవాళ్లు. ఇంటికి ఫోన్ అంటే వార్డెన్ సెల్‌ఫోన్‌లో ఐదు నిమిషాలు, ఆయన పక్కన నిలబడి ఉండగా. "అన్నా, ఫోన్ల అంతా మంచిగనే ఉందంటడు, కని గొంతు అట్ల లేదు" అనేది మా చెల్లి. సద్దుల బతుకమ్మకు ఇంటికొచ్చిన రోజు రాత్రి వాడు నా పక్కన పడుకుని చెప్పాడు: "మామా, మా రూంల పన్నెండు మందిమి చేరినం. ఇప్పుడు ఏడుగురమే ఉన్నం." మిగిలినోళ్లేరి అంటే, "పోయిండ్రు" అన్నాడు. ఎందుకు పోయారో ఏ తల్లిదండ్రులకూ ఎవరూ చెప్పలేదు. డిసెంబర్‌లో వాడూ వచ్చేశాడు. హోంసిక్ అన్నారు. కట్టిన ఫీజులో ఒక్క రూపాయి తిరిగివ్వలేదు.

పదమూడేళ్ల పిల్లాడు ఫిర్యాదు రాయడు. అన్నం తగ్గిస్తాడు, మాటిమాటికీ జ్వరం తెచ్చుకుంటాడు, పండక్కి వచ్చి తిరిగి వెళ్లేరోజు బాత్రూంలోంచి బయటికి రాడు. ఆఖరికి పెట్టె సర్దుకుంటాడు. నీళ్ల పప్పు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, చెయ్యి చేసుకునే వార్డెన్, ఏడాది మధ్యలో మారిపోయే లెక్కల సారు... బ్రోచర్ చెప్పని ఇవన్నీ ఆ ఒక్క టీసీ లెక్కలోకి వచ్చి చేరతాయి. అందుకే ఏసీ గదుల కన్నా, డిజిటల్ బోర్డుల కన్నా నాకు ఆ లెక్క మీద నమ్మకం.

కొంత మీరే చూసుకోవచ్చు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వం బడుల వివరాలు నమోదు చేసే నంబరు ఉంటుంది. దానితో ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారో యూడైస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక ఏడాది ఎనిమిదో తరగతి సంఖ్యను మరుసటేడు తొమ్మిది పక్కన పెట్టి చూడండి. కాకపోతే ఖాళీ అయిన మంచం మీదికి కొత్త పిల్లాడు వస్తాడు కాబట్టి అదొక్కటే చాలదు. అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం చూపించమనాలి. ఆదివారం గేటు బయట నిలబడ్డ తల్లులతో మాట్లాడాలి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పరిచయం చేసే తల్లిదండ్రులతో కాదు.

హాస్టళ్లే లేకపోతే ఏటూరునాగారం అవతలి ఊరి పిల్లాడు ఇంజినీరెట్లయ్యేవాడని అడుగుతారు. నిజమే. ఊళ్లో సబ్జెక్టు టీచరు లేని బడి, పొలం పనుల్లో తల్లిదండ్రులు, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేరు. హాస్టల్ చాలామందిని గట్టెక్కించింది. నేను హాస్టల్ వద్దనడం లేదు. అంత నమ్మి అప్పు చేసి పంపే తండ్రికి ఆ ఒక్క లెక్క చెప్పాలంటున్నాను.

అసలు ఊరి పిల్లాడి కోసం హాస్టల్ బడి అన్న ఆలోచనే మన నేల మనిషిది. లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు చొరవతోనే 1971లో సర్వేల్ గురుకులం తెరుచుకుంది. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ బడులు విస్తరించినప్పుడు కేంద్రంలో ఆ శాఖ మంత్రి ఆయనే. మామునూరు నవోదయ ఆ వరుసలోదే. అక్కడ కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ప్రభుత్వ గురుకులాల్లో లోపాలు లేవని కాదు. 2024లో పెంచిన తర్వాత కూడా ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లాడికి తిండి కోసం ఇచ్చే డైట్ చార్జీ నెలకు 1,540 రూపాయలు, అంటే రోజుకు యాభై ఒక్క రూపాయలు. అన్నం వికటిస్తే పేపర్లో వస్తుంది, కలెక్టర్ పరుగెత్తుతారు, అసెంబ్లీలో అడుగుతారు. లక్షలు పోసి పంపిన ప్రైవేటు హాస్టల్లో పిల్లాడు కుంగిపోతే అడిగే నాథుడు లేడు. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. మన దగ్గర కోచింగే ఫౌండేషన్ పేరుతో బడిలోపలికి వచ్చి కూర్చుంది. ఆ నియమం గేటు దగ్గరే ఆగిపోయింది.

చేరినవాళ్లెందరు, వెళ్లిపోయినవాళ్లెందరు అన్న బోర్డు ప్రతి రెసిడెన్షియల్ బడి గేటుకూ కట్టించాలి. అడ్మిషన్లు ఊపందుకునేలోపే వరంగల్, హనుమకొండ జిల్లాల విద్యాశాఖ అధికారులు ఈ పని చేయాలి.

మా చెల్లి రెండోసారి బడి వెతికినప్పుడు వెళ్లిన ప్రతిచోటా ఇదే అడిగింది. నాలుగు చోట్ల "అవన్నీ బయటికి చెప్పమమ్మా" అన్నారు. ఐదో చోట ప్రిన్సిపాల్ రిజిస్టర్ తెప్పించి, ఒక్కో పేరు మీద వేలు పెట్టి, ఆ పిల్లాడు ఎందుకు వెళ్లిపోయాడో చెప్పాడు. ఇద్దరి విషయంలో తప్పు మాదే అన్నాడు. మావాడు తొమ్మిది, పది అక్కడే చదివాడు.