శాలువా సరే, పిల్లలేరీ?

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగింది. గ్రౌండ్‌లో షామియానా వేశారు, గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. టిఫిన్లయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా సన్మానాలే. మైకులో పేరు చదవడం, శాలువా కప్పడం, మెమెంటో ఇవ్వడం, ఫొటో. శాలువాలు కవర్లలోంచి తీసి వరసగా అందించే పని నాది. మొత్తం ఇరవై మూడు. అమెరికా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, డాక్టర్లు, ఒక రిటైర్డ్ డీఎస్పీ, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు, ఇద్దరు ముగ్గురు నాయకులు. అందరూ ఆ బడిలో నేల మీద కూర్చుని చదివినవాళ్లే, కష్టపడి పైకొచ్చినవాళ్లే. వాళ్లకి జరిగిన మర్యాద విషయంలో నాకే పేచీ లేదు.

భోజనాల దగ్గర మాత్రం ఒక విషయం తట్టింది. ఆ రోజు బడిలో బడిపిల్లలు లేరు. ప్రార్థన పాడటానికి పిలిపించిన నలుగురు ఆడపిల్లలున్నారు గానీ, పాట అవగానే "ఇక ఇంటికి వెళ్లండమ్మా" అని మేమే పంపేశాం. మనం ఊళ్లకి వచ్చేది పండక్కి. పండక్కి బడికి సెలవు. అలా, బడి గర్వంగా చెప్పుకోవాల్సిన మనుషుల్ని బడికి తాళం వేసి ఉన్న రోజున పిలిచి సన్మానించాం.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. వాట్సాప్ పుణ్యమా అని ప్రతి పదో తరగతి బ్యాచ్‌కీ ఒక గ్రూపు వచ్చింది. పాతికేళ్లు నిండాయనో, ముప్పై నిండాయనో ఆంధ్రలో ఎక్కువగా సంక్రాంతికి, తెలంగాణలో దసరాకో వేసవిలోనో కలుస్తున్నారు. మర్నాడు జిల్లా పేజీలో "అపూర్వ కలయిక" అని ఫొటో వస్తుంది. పాత స్నేహితులు కలుసుకోవడం మంచిదే, దానికి సెలవు రోజే కావాలి. కానీ స్నేహితుల కలయిక వేరు, బడి తరఫున చేసే సన్మానం వేరు. రెండింటినీ ఒకే షామియానా కింద కానిచ్చేయడం వల్ల రెండోది దెబ్బతింటోంది.

చిన్న ఊరి హైస్కూల్లో ఈ సన్మానానికి పెద్ద పనే ఉంది. పట్నంలో ప్రైవేటు స్కూలు పిల్లకి పక్క ఫ్లాట్‌లోనే ఒక ఇంజినీరు ఉంటాడు, బాబాయో పిన్నో బ్యాంకులో పనిచేస్తూ ఉంటారు. ఏ కోర్సు ఎక్కడుంది, ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది అన్నవి అడక్కుండానే చెవిన పడతాయి. ఊరి బడిలో చదివే కూలీ కుటుంబం పిల్లకి అవి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. పుస్తకాల్లోని గొప్పవాళ్లు ఎక్కడో పుట్టి ఎక్కడో పెరిగినవాళ్లు. అదే, "నేనూ ఈ గదిలోనే కూర్చున్నాను, నాకూ లెక్కలంటే భయంగానే ఉండేది" అని ఒక మనిషి ఎదురుగా నిలబడి చెబితే ఆ మాటకి వేరే బలం ఉంటుంది. ఆ బలం అందాల్సింది పిల్లకి. పిల్ల లేని చోట చేసే సన్మానం మనలో మనం చేసుకునే ఫంక్షనే.

అందుకని నేను అడిగేది చిన్నదే. బడి నడిచే రోజున పెట్టండి. ఇరవై మూడు మందిని ఒక్క పూటలో ముగించొద్దు, నెలకి ఒక్కరిని పిలవండి. స్టేజీ వద్దు, ఒక పీరియడ్ చాలు. సగం టైము మాట్లాడాలి, సగం పిల్లలు అడగాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు రాలేరంటారా, ఇప్పుడు చాలా ప్రభుత్వ హైస్కూళ్ల గదుల్లో పెద్ద డిజిటల్ తెరలున్నాయి, వీడియోలో మాట్లాడొచ్చు. శాలువా కప్పాలనిపిస్తే పిల్లల చేత కప్పించండి.

ఇక ఎవరిని పిలవాలన్నది. ఇక్కడే అసలు చిక్కు. మా కమిటీ మీటింగుల్లో లిస్టు రాసేటప్పుడు "ఆయన బడికి ఏమైనా ఇచ్చే అవకాశం ఉందా" అన్న ప్రశ్న ప్రతి పేరు దగ్గరా వచ్చింది. అడిగినవాళ్లని తప్పుపట్టను. ప్రహరీ గోడ సగంలో ఆగింది, బాత్రూమ్‌లకి నీళ్లు లేవు, డబ్బు కావాల్సిందే. మా బడిలో ఫ్యాన్ రెక్కల మీద, సిమెంటు బెంచీల మీద "ఫలానావారి జ్ఞాపకార్థం" అని దాతల పేర్లుంటాయి. ఆ ఫ్యాన్ల కిందే మూడు తరాలు పరీక్షలు రాశాయి. దాతలకి దండం పెట్టాల్సిందే. అయితే దాతల బోర్డు, విశిష్ట పూర్వ విద్యార్థుల బోర్డు ఒకటే అయిపోతే పిల్లలకి అర్థమయ్యేది ఒక్కటే, డబ్బు సంపాదిస్తేనే బడి మనల్ని గుర్తుపెట్టుకుంటుందని. ఆ రెండు బోర్డులూ రెండు గోడల మీద ఉండాలి.

మార్కుల్ని బట్టి తీయడం కూడా నాకు సమ్మతం కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతే చూడండి. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఇంట్లో వరస చావులు, పేదరికం. చదువు సాగక మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచే ఫోలిక్ యాసిడ్ తయారీ పద్ధతి, క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు మన ఇళ్లకి తెచ్చి మింగించే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. 1948లో ఆయన న్యూయార్క్‌లో చనిపోయాడు. మన దేశం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది 1995లో, శతజయంతికి. పదో తరగతి తప్పి తల దించుకుని తిరిగే పిల్లాడికి ఈ కథ ఎన్ని బళ్లలో చెబుతున్నారు?

మా సమ్మేళనానికి మైకు, జనరేటరు చూసుకున్న మనిషి మా క్లాస్‌మేటే. పదిలో లెక్కలు తప్పాడు, మళ్లీ రాయలేదు. సెంటర్లో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే రైతు ముందు ఫోన్ చేసేది అతనికే. నాట్ల రోజుల్లో రాత్రి పదకొండింటికి కూడా షాపులో లైటు వెలుగుతుంటుంది. అతని దగ్గర పని నేర్చుకుని సొంతంగా షాపులు పెట్టుకున్న కుర్రాళ్లు అరడజను మంది ఉన్నారు. ఆ రోజు వైర్లు చుట్టుకుంటూ స్టేజీ వెనకే ఉండిపోయాడు. అతని పేరు లిస్టులో రాయాలని మాలో ఒక్కరికీ తోచలేదు. శాలువాలు అందిస్తున్న నాకూ తోచలేదు. ఇప్పటికీ మనసులో ముల్లులా గుచ్చుకునేది అదే.

పంతుళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తెలుగు పండితులుగా ఉండేవారు. ఒక జిల్లా కేంద్రంలోని హైస్కూలు, అందులో ఒక తెలుగు పంతులుగారు. ఆయన దగ్గర కూర్చున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు, తెలుగుకి తొలి జ్ఞానపీఠం 1970లో తెచ్చిపెట్టినవారు. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు కూడా ఆ గురువుగారి శిష్యులే. నావంటి శిష్యుడు దొరికిన భోగం నన్నయకి లేదు, తిక్కనకి లేదు, మా చెళ్లపిళ్ల వారికే ఉందని విశ్వనాథ పద్యం కట్టారు. శిష్యుడి గొప్ప చెప్పినా అందులో గురువుగారి పేరు మోగింది. మన సభల్లో మాత్రం రిటైరైన మాస్టార్లని ముందు వరసలో కూర్చోబెట్టి, చివర్లో అందరికీ కలిపి ఒకేసారి శాలువాలు కప్పేస్తున్నాం. సన్మానం అందుకునే ప్రతి ఒక్కరూ తన మాస్టారొకరి పేరు చెప్పి, ఆయన తనకి చేసిన మేలు ఏమిటో చెప్పాలని షరతు పెడితే ఎంత బాగుంటుంది!

వయసు దగ్గరైతే పిల్లలకి ఇంకా నమ్మకం కలుగుతుంది. అప్పటి నిజామాబాద్ జిల్లా తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి పదమూడేళ్లు. అలాంటి కబురు విన్న ఎనిమిదో తరగతి పిల్లకి యాభై ఏళ్ల మా తరం ఉపన్యాసం అక్కర్లేదు. నిరుడు పది పాసై పాలిటెక్నిక్‌లో చేరిన అక్కని పిలిచినా చాలు.

అన్నిటికన్నా పెద్ద లోటు ఆడపిల్లల విషయంలో జరుగుతోంది. ఆ ఇరవై మూడు శాలువాల్లో ఆడవాళ్లకి వెళ్లినవి రెండు. మా తరగతిలో మూడో వంతు అమ్మాయిలే. మరి ఏమయ్యారు? పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది. వాట్సాప్ గ్రూపులో మగవాళ్లు ఒకరినొకరు చేర్చుకున్నారు గానీ అమ్మాయిల నంబర్లు ఎవరి దగ్గరా లేవు. ఫేస్‌బుక్‌లో వెతుకుదామంటే ఏ పేరుతో ఉన్నారో తెలియదు. "దొరకలేదండీ" అని ఊరుకున్నాం. అదేదో సహజమన్నట్టు.

సమ్మేళనం అయిన పది రోజులకి నేను బడికి వెళ్లి హెడ్మాస్టరు గారిని అడిగితే బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి ఇచ్చారు. గుడ్డ అట్ట, అంచులు చెదలు తిన్నాయి. అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. కుడి మోచేతి మీద, ఎడమ చెంప మీద, మెడ వెనక. ఇప్పుడు డీఎస్పీ అయినవాడికీ, మోటార్లు చుట్టేవాడికీ, ఎక్కడున్నారో తెలియని అమ్మాయిలకీ అందులో తలా ఒక్క లైను. బడి మమ్మల్ని చూసింది అలాగే.

తండ్రి పేరు పట్టుకుని ఊళ్లో అడిగితే రెండు రోజుల్లో ఏడుగురి ఆచూకీ దొరికింది. పుట్టింటి వాళ్లని అడగాలన్న ఆలోచనే మాకు ముందు రాలేదు. వాళ్లలో ఒకామె పక్క మండలంలో ఏఎన్ఎం. ఫోన్ చేస్తే, "నన్నెందుకు? నేనేం సాధించానని?" అంది. ఇరవై ఏళ్ల పైనుంచి ఆ సబ్ సెంటర్ పరిధిలో పుట్టిన ప్రతి బిడ్డకీ టీకా వేసిన చేయి ఆమెది. సాధించడమంటే ఏమిటో ఆమెకి మేమే తప్పుగా నేర్పినట్టున్నాం.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆమె మా బడికి వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా, భుజాన రిజిస్టర్ల సంచితో. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు. మొదట ఐదు నిమిషాలు గొంతు పెగల్లేదు ఆమెకి. తర్వాత పిల్లలే అడగడం మొదలుపెట్టారు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంజెక్షన్ మొదటిసారి వేసినప్పుడు చెయ్యి వణికిందా, రాత్రిళ్లు ఒంటరిగా వెళ్లాల్సొస్తుందా. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "పెళ్లికి ముందే ట్రైనింగ్‌కి పంపించారా మేడమ్?" అని అడిగింది.

"ముందే అమ్మా. మా నాన్న ఒప్పుకోలేదు. సైన్స్ మాస్టారు మా ఇంటికొచ్చి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నారు. నాన్న సరేననే దాకా మంచినీళ్లు కూడా తాగలేదు."

పిల్లలు మాస్టారి పేరు అడిగారు. చెప్పింది. నర్సింగ్‌లో చేరాలంటే ఏ సర్టిఫికెట్లు కావాలో బోర్డు మీద రాసింది. బెల్లు కొట్టాక కూడా కొందరు వెళ్లకుండా బల్ల చుట్టూ నిలబడ్డారు. అందులో ఇద్దరు, సంక్రాంతి రోజు ప్రార్థన పాడాక మేము ఇంటికి పంపేసిన పిల్లలు. ఒకమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి పట్టుకుంటే ఆమె తన ఫోన్ నంబరు రాసి, పక్కన తన పుట్టింటి పేరు కూడా రాసింది.