తోడేవాడి చార్జీ, చూసేవాడి జీతం

నదిలోంచి గానీ భూమిలోంచి గానీ నీళ్లు తోడేవాడు లైసెన్సు తీసుకోవాలి. ఏడాదికింతని చార్జీ కట్టాలి. ఎవరెంత తోడుతున్నారో చూసే ఆఫీసు ఆ చార్జీల డబ్బుతోనే నడవాలి. ఇంగ్లాండు వాళ్లు ఈ లైసెన్సులకి 1963లోనే చట్టం చేసుకున్నారు. మనం ఇంకా మోటారు స్విచ్చి వేసి, ట్యాంకు నిండి మేడమీంచి నీళ్లు పక్కింటి బట్టల మీద పడేదాకా సీరియల్ చూస్తున్నాం. ఈ వెనకబాటుతనం పోవాలంటే ఆ విధానాన్ని తక్షణం విజయవాడలో ప్రవేశపెట్టాలనీ, ఇక్కడ ఫలించినా ఫలించకపోయినా గుంటూరుకి విస్తరించాలనీ సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

మనకి చట్టం లేక కాదు. 2002 నాటి వాల్టా చట్టం ఉంది. నీళ్లనీ, భూమినీ, చెట్లనీ ఒకే దెబ్బకి కాపాడేసిన చట్టం అది. బోర్లు రిజిస్టరు చేయించాలంటుంది, బోరు లారీలు రిజిస్టరు కావాలంటుంది, ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల ఇష్టమొచ్చినట్టు బోరు దించకూడదంటుంది. మా వీధిలో ఆ దూరం టేపు పెట్టి కొలిచిన మనిషి నాకు కనపడలేదు. కొబ్బరికాయ అరచేతిలో పడుకోబెట్టుకుని ఖాళీ స్థలంలో అటూఇటూ తిరిగే పెద్దాయన మాత్రం కనిపించాడు. కాయ నిలువుగా లేచిన చోట మడమతో గీత గీశాడు. సెప్టిక్ ట్యాంకుకి నాలుగడుగుల దూరం. "ఇక్కడ పడితే చాలండీ, ఏరే" అన్నాడు. స్థలం ఓనరు నోట్లు చేతిలో పెట్టాడు, రసీదు అడగలేదు. అంటే అనుమతిచ్చే నిపుణుడూ, దానికి చార్జీ కట్టే అలవాటూ మనకి ముందునుంచే ఉన్నాయి. లేనిదల్లా ఆఫీసు.

ఇక ఆ ఆఫీసు సంగతి. ఇంగ్లాండు పద్ధతిలో నన్ను ముగ్ధుణ్ణి చేసిన నియమం ఒకటుంది. చార్జీల మీద సర్కారు లాభం తీయకూడదు. లైసెన్సులు ఇవ్వడానికీ, తనిఖీ చేయడానికీ, నీటి వనరుల్ని చూసుకోవడానికీ ఎంత ఖర్చవుతుందో అంతే వసూలు చేయాలి. 2022 ఏప్రిల్లో రేట్లు మార్చినప్పుడు కూడా వాళ్లు చెప్పుకున్న కారణం ఇదే, వచ్చేది ఖర్చుకి చాలడం లేదని. ఎంత నీతిగల ఏర్పాటు! దీన్ని మన నేల మీద నాటితే ఎలా మొలుస్తుందో ఒక్కసారి ఊహించండి. మామూలు ఆఫీసులో ఎక్కువ వసూలు చేసినవాడు సమర్థుడు. ఇక్కడ ఎక్కువ ఖర్చు పెట్టినవాడే సమర్థుడు, ఎందుకంటే ఖర్చు పెరిగితే గానీ చార్జీ పెంచే హక్కు రాదు. బందరు రోడ్డు మీద అద్దాల మేడ, అందులో కమిషనరు గారు, ఆయనకో అదనపు కమిషనరు, బోర్లు చూడ్డానికి కార్లు, కార్లు చూసుకోవడానికి సిబ్బంది, రోజుకెన్ని లీటర్లు భూమిలోంచి పోతున్నాయో రంగురంగుల్లో చూపించే డ్యాష్‌బోర్డు. వీటన్నిటికీ అయ్యేది లెక్కగట్టి బోర్ల సంఖ్యతో భాగిస్తే చార్జీ వచ్చేస్తుంది. ఆ చార్జీ వసూలుకి మళ్లీ సిబ్బంది కావాలి. ఆ సిబ్బంది జీతాలు కలిపి మళ్లీ భాగించాలి. ఈ లెక్క తేలేసరికి నాలుగైదు పీఆర్సీలు అయిపోతాయి.

ఇంకా లోతుకి వెళ్తే అసలు చిక్కు బయటపడుతుంది. తోడకం తగ్గితే చార్జీలు తగ్గుతాయి. చార్జీలు తగ్గితే జీతాలకి కటకట. కాబట్టి భూగర్భజలాన్ని కాపాడమని వేసిన అధికారి ప్రతి ఉదయం దుర్గమ్మకి దండం పెట్టుకుని, తల్లీ, ఈ ఏడాది జనం బాగా తోడేలా చూడు అని వేడుకోవాల్సి వస్తుంది. ఇంకుడు గుంత తవ్వినవాణ్ణి ఆయన ఏ కళ్లతో చూస్తాడు? వాన నీళ్లు పట్టుకుని బోరు వాడకం తగ్గించుకున్న అపార్ట్‌మెంటు ఆఫీసు ఆదాయానికి గండి కొట్టినట్టే. నోటీసు ఇవ్వాలి. గుంత తవ్వినందుకు సంజాయిషీ అడగాలి. ఇంగ్లాండు వాళ్లు దీనికీ ఓ ఉపాయం పెట్టుకున్నారు. చాలామటుకు చార్జీ తోడిన నీళ్ల మీద పడదు, తోడుకోవడానికి అనుమతి తీసుకున్న పరిమాణం మీద పడుతుంది. మన పెళ్లిళ్లలో క్యాటరింగువాడి ఆకు లెక్క లాంటిదే, తిన్నా తినకపోయినా విస్తరి వేశారంటే డబ్బు కట్టాల్సిందే. దీని మేలు ఏమిటంటే, కట్టేశాం కదా అని మిగిలిన నీళ్లు కూడా తోడి వీధి తడుపుకోవచ్చు.

వాళ్ల నియమాల్లో మా వీధి వాటర్ ప్లాంటు ఓనరుకి బాగా నచ్చింది మాత్రం మరొకటి. రోజుకి 20 ఘనపు మీటర్ల దాకా తోడేవాడికి అక్కడ లైసెన్సే అక్కర్లేదు. అంటే 20 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు, లేదా ఇరవై లీటర్ల టిన్నులు వెయ్యి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన టిన్ను బోర్లించి లోపలికి పైపు కొడుతున్నాడు. ఫిల్టరు వదిలేసిన నీళ్లు వెనక పైపులోంచి సైడు కాలవలోకి ధారగా పోతున్నాయి. లెక్క ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే టెన్షన్ లేదు సార్. నా పేరు మీద ఒకటి, మా ఆవిడ పేరు మీద ఒకటి, బామ్మర్ది పేరు మీద ఒకటి. ఒక్కొక్కటి పంతొమ్మిది వేల తొమ్మిదొందలు."

"మరి బోరు ఒకటే కదయ్యా?"

"బోరు ఒకటేనండీ. కుటుంబాలు మూడు."

రేట్ల విషయంలోనూ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. 2022 దాకా నడిచిన పాత లెక్కలో వేసవిలో తోడే నీళ్లకి శీతాకాలం కంటే పది రెట్లు గుణకం ఉండేది. బెజవాడలో శీతాకాలం అంటే భోగిమంట వేసుకునే గంటసేపు. ఆ గంటలో ఊరంతా మోటార్లు వేస్తే సబ్‌స్టేషన్ పేలిపోతుంది గనక ఈ నియమం మనకి పనికిరాదు. తోడిన నీళ్లు తిరిగి నదికి చేరితే చార్జీ తక్కువ అన్న నియమం మాత్రం వదలకూడదు. ఆ లెక్కన విజయవాడకి భారీ రాయితీ రావాలి. ఊరి మధ్యలోంచి పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలవల్లోకి మనం వాడినవన్నీ భక్తిగా తిరిగి పంపించేస్తున్నాం, సంచులు కూడా కలిపి.

సాంప్రదాయవాదులు ఇదంతా విదేశీ మోజు అంటారేమో. కౌటిల్యుడే నీటికి భాగం రాశాడు. చేతులతో తోడి తడిపితే పంటలో ఐదో వంతు, భుజాల మీద మోస్తే నాలుగో వంతు, యంత్రంతో పారిస్తే మూడో వంతు. సబ్‌మెర్సిబుల్ మోటారు చూసి ఉంటే ఆయన పొలమే రాయించుకునేవాడు.

మరి పొలం ఊసెత్తాం గనక అదీ చూద్దాం. కాలవ కింద వరి మొదటి పంటకి నీటి తీరువా ఎకరాకి 200 రూపాయలు, తొంభైల్లో సవరించిన రేటు. పంటకాలంలో 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే ఎకరాకి 48 లక్షల లీటర్లు. అంటే రూపాయికి 24 వేల లీటర్లు. మా గుమ్మంలో దింపే టిన్ను 20 రూపాయలు, అంటే రూపాయికి ఒక లీటరు. ఈ రెండు రేట్ల మధ్యలో ఎక్కడో న్యాయమైన చార్జీ ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి కమిటీ వేస్తే దాని ఖర్చు కూడా చార్జీలో కలుపుకోవచ్చు. అయితే బోర్ల కింద సేద్యం జోలికి ఎవరూ పోరని నా నమ్మకం. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. ఆ మోటార్లకి మీటర్లు అన్న మాట అన్నందుకే ఎంత రభస జరిగిందో చూశాం. కాబట్టి ఎక్కువ తోడేవాళ్లకి మినహాయింపు, తక్కువ తోడే పట్నం వాళ్లకి లైసెన్సు. పట్నం వాళ్లలోనూ అడ్రసు దొరికేవాళ్లకే. నిజాయితీగా బోరు రిజిస్టరు చేయించుకున్నవాడి అడ్రసు ఎలాగూ ఫైల్లో ఉంటుంది.

ఒక్క చోట మాత్రం నాకూ జవాబు తోచలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. సెకనుకి మూడు కోట్ల లీటర్ల పైమాటే. అదే సమయంలో బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. మేడలెక్కిన జనం పడవలో వచ్చే తాగునీటి ప్యాకెట్ల కోసం చేతులు చాచారు. మనం ఏటి దగ్గరికి వెళ్తే లైసెన్సు కావాలి సరే, ఏరే మన వంటింట్లోకి వస్తే చలానా ఎవరి పేరున రాయాలి? గట్టు చూసుకోవాల్సినవాడి పేరునా, ఏరు పారే చోట ప్లాట్లు వేసి అమ్మినవాడి పేరునా? ప్రతిపాదనలో ఈ గడి ఖాళీగా వదిలేశాను. ఫీజు కట్టించుకునేటప్పుడు అడిగినంత వివరంగా ఈ గడి గురించి ఎవరూ అడగరన్న ధైర్యంతో.

ముసాయిదాని ముందుగా మా అపార్ట్‌మెంటు సంఘంలో పెట్టాను. భూగర్భజలాలు పడిపోతున్నాయని అందరూ బాధపడ్డారు. లైసెన్సు విధానం చాలా అవసరమనీ, అమలు పక్క అపార్ట్‌మెంటుతో మొదలుపెట్టాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంతలో సెక్రటరీ గారు, పక్కవాళ్ల బోరు మనకంటే వంద అడుగులు లోతట అన్నారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. రెండో తీర్మానంగా, లైసెన్సులు వచ్చేలోపలే కొత్త బోరు దించాలనీ, దానికి ఫ్లాటుకింతని వేసుకోవాలనీ నిర్ణయమైంది. బోరు లారీ శనివారం రాత్రి పదకొండింటికి వస్తుంది. కొబ్బరికాయ బాధ్యత నాకు అప్పగించారు.