బా సింగ్ సే కూలింది 19లోనే, 20లో కాదు

సీజన్ ఆఖరి ఎపిసోడ్‌కి ముందొచ్చేదాన్ని 'ఫిల్లర్' అని, అంటే కథ కదలకుండా ఖాళీ నింపే ఎపిసోడ్ అని, కొట్టిపారేసేవాళ్లతో నాకు పడదు. మా మేనల్లుడూ ఆ బాపతే. 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' కార్టూన్ సిరీస్ రెండో సీజన్‌లో 19వ ఎపిసోడ్ 'ద గురు'ని స్పీడు పెంచి లాగించేశాడు. "ముసలాయన చక్రాలు చెప్తాడు, అంతే కద మావా. ఫైటింగంతా తర్వాతదాంట్లోనే" అంటాడు.

ఏట్రా అంతే? విజయనగరంలో పుట్టి ఆ మాటేనా! పైడితల్లమ్మ సిరిమాను మంగళవారం. ఊళ్లోకి జనం విరగబడేదీ ఆరోజే. కానీ రైతులకి విత్తనాలిచ్చేది ముందురోజు రాత్రి, తొలేళ్లలో. 'ద గురు' అలాంటి తొలేళ్ల రాత్రి.

హీరో ఆంగ్ నేస్తం కటారా, బా సింగ్ సే నగరంలోని టీ దుకాణంలో శత్రువులైన అగ్నిరాజ్యపు యువరాజు జూకోని చూస్తుంది. పరుగున కోటకెళ్లి, తమ పక్షాన ఉండే క్యోషీ యోధురాలి వేషంలో ఉన్న జూకో చెల్లెలు అజులాకే ఆ కబురు చెప్తుంది. ఆ ఊరి రాజైతే మరీ అన్యాయం, సూర్యగ్రహణం రోజున అగ్నిరాజ్యం మీద దండెత్తుదామనుకున్న రహస్యం కూడా ఆ వేషాలవాళ్ల ముందే కక్కేస్తాడు. అంత పెద్ద గోడలున్న ఊరు నోటిమాటతో పోయింది! ఇరవయ్యో ఎపిసోడ్‌లో మెరుపులు, దెబ్బలు, ఏడుపులు చాలానే ఉన్నాయి గానీ, అప్పటికే తేలిపోయిన లెక్కకి అవన్నీ వసూళ్లు.

ఇక ఆంగ్‌కి పాఠం చెప్పే గురువు పాథిక్. ఏడు చక్రాలు, ఒక్కోదానికి ఒక్కో అడ్డు: భయం, తప్పు చేశానన్న బాధ, సిగ్గు, శోకం, అబద్ధం, భ్రమ, చివరికి బంధం. మన పాత యోగ గ్రంథాల్లో ఈ వరస ఇలా ఉండదు, కథకి సరిపడేలా వాళ్లు అల్లుకున్నారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. ఉల్లిపాయ, అరటిపండు కలిపిన రసం తాగించడం మాత్రం నచ్చలేదు. మన సాధువు కనిపిస్తే చాలు, వాళ్లకో వేళాకోళం కావాలి.

కానీ ఆ ఎడిటింగ్ చూశారా? లోకంలో వేరు వేరు అనుకునేవన్నీ నిజానికి వేరు కావనీ, లోహం కూడా శుద్ధి చేసిన మట్టేననీ ఇక్కడ గురువు చెప్తుంటాడు. ఎక్కడో దూరంగా, ఇనప పెట్టెలో బందీగా ఉన్న టాఫ్, మట్టిని ఆడించే ఆంగ్ నేస్తం, అదే క్షణంలో ఆ ఇనుముని వంచేస్తుంది. పుట్టుగుడ్డి పిల్ల, గురువూ లేడు, చక్రాలూ లేవు. ఇద్దరికీ ఒకే పాఠం నడుస్తోందని ఎవరూ డైలాగు కొట్టి చెప్పరు. ఇది ఫిల్లరా?

కటారా అన్న సొక్కా తన తండ్రి దగ్గరికి చేరుకుంటాడు. ఆయన పక్కన నిలబడి యుద్ధానికి బయల్దేరే వేళకే వెనక్కి రావాల్సొస్తుంది. జూకో పెదనాన్న ఐరోకి సొంత టీ దుకాణం అమరుతుంది, రాజుగారి నుంచి పిలుపూ వస్తుంది. ఎవరు కోరుకున్నది వాళ్ల చేతిదాకా తెచ్చి, వేళ్లు ముడిచేలోగా లాగేసుకుంటారు.

ఆంగ్ సంగతి మరీ ఘోరం. ఏడో చక్రం తెరుచుకోవాలంటే కటారా మీద బంధాన్ని ఒగ్గేయాలి. పన్నెండేళ్ల గుంటడు, ఎలా ఒగ్గుతాడు? ఆమె ఆపదలో ఉన్నట్టు కనబడగానే లేచిపోతాడు. ఇప్పుడు మధ్యలో వెళ్తే, శక్తులన్నీ మేల్కొనే అవతార్ స్థితి నీకిక అందదని గురువు హెచ్చరించినా ఆగడు. మా మేనల్లుడు "బుద్ధి లేదు" అన్నాడు. నేనైతే వాడికి బుద్ధి ఉంది కాబట్టే లేచాడంటాను. ఓడిపోతే పోయాడు.

నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే. 2006 డిసెంబర్ 1న నికెలోడియన్ వాళ్లు ఈ రెండు ఎపిసోడ్లనీ ఒకే రాత్రి వేసేశారు. మూడో సీజన్ 2007 సెప్టెంబర్ 21న గానీ మొదలవలేదు. కొంప మునిగాక దాదాపు పది నెలలు కూర్చోబెట్టారు గానీ, మునగబోతోందని తెలిసి గుబులు పడ్డానికి ఒక్క వారం కూడా ఇవ్వలేదు. కొత్తగా చూసేవాళ్లు ఆ వారం మీరే పెట్టుకోండి. 19 మొదలెట్టే ముందే ఆటోప్లే ఆపేయండి, లేకపోతే పేర్లు పడుతుండగానే 20 వచ్చి మీద పడుతుంది.