నైట్ విజన్ ఉంటే కళ్ళద్దాలు అక్కర్లేదా? ఆ ఫార్వర్డ్ పంపడం ఇక ఆపండి

మా డల్లాస్ ఎయిర్‌సాఫ్ట్ (బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గింజలు కాల్చుకునే ఆట) గ్రూప్‌లోకి ఒకే మెసేజ్ ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. "నైట్ విజన్ గురించి షాపువాళ్ళు చెప్పని 9 నిజాలు" అని హెడ్డింగు, చివర్లో "మీ గేమింగ్ బ్రదర్స్ అందరికీ షేర్ చేయండి" అని రెండు దండాలు. మొదటిసారి చూసి వదిలేశా. రెండోసారి "ఇందులో చాలా తప్పులున్నాయి అన్నా" అని రాస్తే ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది, అంతే. మూడోసారి మా ఆవిడ కజిన్ న్యూజెర్సీ నుంచి పంపాడు, బావా నువ్వు ఇది ఆడతావు కదా, పనికొస్తుందేమో చూడు అని. నాలుగోసారి నిన్న పంపింది మాత్రం శనివారం రాత్రి గేమ్‌లో నా పక్కనే ఉన్న తమ్ముడు. వాడి చెంప మీద మచ్చ ఇంకా పోలేదు. ఆ మచ్చ సంగతి కింద చెప్తా, అది చూశాకే ఇది రాయాలనిపించింది.

ముందు చిన్నవి తేల్చేద్దాం.

మూడో పాయింటు, గోడ అవతల మనిషి కనిపిస్తాడట. కనిపించడు. థర్మల్‌లో (ఒంటి వేడిని చూపించే రకంలో) కూడా కనిపించడు, థర్మల్‌కి గోడ దాకా ఎందుకు, కిటికీ అద్దం అడ్డం వచ్చినా చాలు.

ఒకటో పాయింటు, "జెన్ 4 వచ్చేసింది, జెన్ 3 కొంటే డబ్బు దండగ". ట్యూబు అంటే నైట్ విజన్ లోపల వెలుగుని పెంచే గొట్టం, జెన్ అంటే దాని జెనరేషన్, తరం. జెన్ 4 అని అధికారికంగా ఏమీ లేదు. లోపలి సన్నటి పొర (ఫిల్మ్) తీసేసిన ట్యూబులకి ఒకప్పుడు ఆ పేరు పెట్టారు, తర్వాత అమెరికా ఆర్మీనే ఆ పేరు వెనక్కి తీసుకుంది, ఆ ట్యూబులు ఇప్పుడు కూడా జెన్ 3 కిందే లెక్క. ఇవాళ ఎవరైనా "జెన్ 4" అని రాసి అమ్ముతున్నాడంటే వాడికి తెలియదన్నా అనుకోవాలి, మీకు తెలియదని వాడికి తెలుసన్నా అనుకోవాలి. మీరు అడగాల్సింది జెనరేషన్ కాదు, ఆ ట్యూబు స్పెక్ షీట్. రిజల్యూషన్ ఎంత, సిగ్నల్ టు నాయిస్ (బొమ్మలో ఇసక ఎంత తక్కువో చెప్పేది) ఎంత అని చూడండి, రెండూ గుణిస్తే వచ్చేదే ఎఫ్‌ఓఎం, ట్యూబు నాణ్యతకి అంకె. 64 ని 30 తో గుణిస్తే 1920, మన ఆటకి అది చాలా మంచి ట్యూబు. షీట్ ఇవ్వను అన్నవాడి దగ్గర కొనకండి.

ఆరోది, "ట్యూబులో నల్ల చుక్కలుంటే అది చచ్చిపోతోందని అర్థం". కాదు, చాలావరకు అవి తయారీలోనే వచ్చే మచ్చలు, అక్కడే ఉంటాయి, పెరగవు. నా దాంట్లో రెండున్నాయి, గడియారంలో 4 అంకె ఉండే చోట. ఆ రెండు చుక్కల వల్లే నాకు ధర తగ్గింది, గేమ్ మొదలైన ఐదు నిమిషాలకి అవి ఉన్నాయనే గుర్తుండదు. వాడిన ట్యూబు కొంటుంటే మాత్రం ఏదైనా గట్టి వెలుగు కాల్చిన గుర్తా అని అడగండి, అది వేరే సంగతి.

రెండోదీ నాలుగోదీ కలిపి చెప్తా, ఎందుకంటే రెండూ ఒకే తప్పు. రెండోది "కటిక చీకట్లో కూడా పనిచేస్తుంది" అంటుంది, నాలుగోది "మూడు వేల డాలర్లెందుకు, ఆన్‌లైన్‌లో 120 డాలర్ల డిజిటల్‌దీ అదే పని చేస్తుంది" అంటుంది. ట్యూబు వెలుగుని పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. చుక్కల వెలుగో, ఊరి వెలుగు మబ్బుల మీద పడి తిరిగొచ్చేదో, ఏదో ఒకటి ఉండాలి. కిటికీలు మూసేసిన గోడౌన్‌లో పీవీఎస్-14 (ఒక కంటికి పెట్టుకునే ట్యూబు నైట్ విజన్) పెట్టుకున్నా మిణుకుమిణుకుమనే ఇసక తప్ప ఏమీ కనబడదు. అలాంటి చోట ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడని వెలుగు) టార్చ్ వేయాల్సిందే. ఆ 120 డాలర్ల డిజిటల్‌ది అయితే చెట్ల కింద కూడా ఐఆర్ టార్చ్ లేకుండా గుడ్డిదే, అందుకే దానికి ముందే టార్చ్ బిగించి అమ్ముతారు. అది వేసుకుని చెట్ల మధ్య నడిచారంటే మీకు పది గజాలు కనిపిస్తుంది, ట్యూబు పెట్టుకున్న ప్రతివాడికీ ఫీల్డు ఆ చివర నుంచి మీరు పెట్రోమాక్స్ లైటు మోసుకుని వస్తున్నట్టు కనిపిస్తారు. 850 నానోమీటర్ల రకం అయితే మామూలు కంటికి కూడా ఎర్రగా చిన్న నిప్పు లాగా తెలుస్తుంది. పైగా డిజిటల్ తెరలో బొమ్మ ఒక క్షణం వెనక పడుతుంది, తల తిప్పితే లోకం కాస్త ఆగి తిరుగుతుంది, దాంతో పరిగెత్తితే కాలు మడత పడుతుంది. అదే పని చేస్తుంది అన్నవాడు ఆ రెండింటినీ ఒకే రాత్రి పెట్టుకుని చూడలేదు.

ఇప్పుడు ఐదోది. ఈ మెసేజ్ రాసినవాడెవడో నాకు తెలియదు కానీ వాడు కనిపిస్తే అడగాలని ఉంది. మాటకి మాట ఇదీ: "నైట్ విజన్ కంటి ముందే ఉంటుంది కాబట్టి లోపల సేఫ్టీ గ్లాసెస్ అక్కర్లేదు, అవి ఉంటే ఆవిరి పట్టి ఏమీ కనపడదు."

శనివారం రాత్రి సంగతి చెప్తా. పగలంతా ఎండ, సాయంత్రం చిన్న వాన పడి వెళ్ళింది, ఒళ్ళంతా జిడ్డు. రెండో గేమ్ సగంలో ఒక మట్టిదిబ్బ వెనక ఇద్దరం కూర్చున్నాం. తమ్ముడికి కుడికంటి మీద అరువు తెచ్చుకున్న పీవీఎస్-14, లోపల గ్లాసెస్. ఊపిరికి గ్లాసెస్ పాలు పోసినట్టు తెల్లగా అయిపోయాయి. తుడిచాడు, మళ్ళీ పట్టింది. మూడోసారి తుడవలేదు, అవి నుదుటి మీదకి లాగేశాడు, హెల్మెట్ అంచుకి ఆనించాడు. "కిందకి దించరా" అని నేను అంటుండగానే టప్ మని శబ్దం. ఎడమకన్ను కింద, రెండువేళ్ళ దూరంలో, చెంప ఎముక మీద తగిలింది. చెయ్యి అడ్డం పెట్టి ఎర్ర టార్చ్ వేసి చూశా. చుట్టూ ఎర్రగా మధ్యలో తెల్లగా, చొక్కా గుండీ అంత మచ్చ. వాడు నవ్వాడు, "ఏం కాలేదన్నా" అన్నాడు. నాకు మాత్రం ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. రెండువేళ్ళు పైకి తగిలి ఉంటే రాత్రి ఆ టైములో ఎమర్జెన్సీలో కూర్చుని శ్రీకాకుళంలో వాళ్ళమ్మకి ఏమని ఫోన్ చేయాలి అనే ఆలోచన. ఆదివారం పొద్దున్నే అదే తమ్ముడు ఇదే మెసేజ్ గ్రూప్‌లో పెట్టాడు. దాన్ని నమ్మే గ్లాసెస్ పైకి లాగాడని అప్పుడు అర్థమైంది.

పీవీఎస్-14 ఒక కంటిదే కదా, మరి రెండో కన్ను? దాని ముందు ఏముంది? గాలి. ఒక్కటి చాలు ఈ పాయింటు చించెయ్యడానికి, అయినా ఇంకా చెప్తా. 0.20 గ్రాముల బీబీ (మనం కాల్చే ప్లాస్టిక్ గింజ) 350 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అన్ని అడుగులు) గన్‌లోంచి సెకనుకి 107 మీటర్ల వేగంతో బయటికొస్తుంది, గంటకి 380 కిలోమీటర్ల పైన. దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు. క్రికెట్ బంతి తగిలితే కంటి చుట్టూ ఎముక కొంతైనా ఆపుతుంది, ఈ గింజని ఆ ఎముక ఏమీ ఆపదు, నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. కంటి లోపల రక్తం చేరడం ఎయిర్‌సాఫ్ట్ దెబ్బల్లో డాక్టర్లు బాగా చూసిన విషయమే. ఇక ట్యూబు ఉన్న కన్ను సంగతి: ముందు లెన్సు గాజుది, బీబీ సూటిగా తగిలితే పగలొచ్చు, ఆ వెనక ఉన్న గట్టి గొట్టం వెనక్కి గుద్దేది మీ కనుబొమ్మనే. అందుకే ముందు పాలీకార్బొనేట్ బలిపశువు లెన్సు ఒకటి బిగిస్తాం, కొన్ని డాలర్ల పని, పగిలితే అది పగులుతుంది.

ఆవిరి సమస్య నిజమే, నేను కాదనను. దానికి మందు గ్లాసెస్ తీసేయడం కాదు. రెండు పొరల అద్దం ఉన్న గాగుల్స్ కొనండి, లేదా చిన్న ఫ్యాన్ ఉన్నవి. గేమ్‌కి ముందు యాంటీఫాగ్ రాయండి. ట్యూబుని కంటికి అతుక్కునేలా పెట్టకుండా కాస్త ముందుకి జరపండి, కంటికీ ఐపీస్‌కీ మధ్య 25 మిల్లీమీటర్లు ఉన్నా బొమ్మ మొత్తం కనిపించేలాగే దాన్ని తయారు చేశారు, లోపల గ్లాసెస్ పట్టాలనే. రంగు అద్దాలు వద్దు, తెల్లవే. ఫ్రేమ్ మీద జెడ్87 (కళ్ళద్దాల భద్రతకి అమెరికా ప్రమాణం) పక్కన ప్లస్ గుర్తు ఉందో లేదో చూడండి, పావు అంగుళం ఉక్కు గుండు వేసి పరీక్షించారని దాని అర్థం. అయినా ఆవిరి ఆగలేదా, చెయ్యెత్తి "డెడ్" అని బయటికొచ్చి కారు దగ్గర తుడుచుకోండి. ఒక గేమ్ పోతుంది. పోనివ్వండి.

ఏడోది దీనికి అన్న లాంటిది. "ఐఆర్ లేజర్ కంటికి కనపడదు కాబట్టి కంటికి ఏమీ కాదు." సరిగ్గా తిరగేసి చదవండి, కనపడదు కాబట్టే అవుతుంది. ఎర్ర లేజరో పచ్చ లేజరో కంట్లో పడితే పావు సెకనులో రెప్ప పడుతుంది. ఐఆర్‌కి రెప్ప పడదు, కంటికి అక్కడేదో ఉందని తెలియదు కదా. 1400 నానోమీటర్ల లోపు ఐఆర్ అంతా మన కంటి లెన్సులోంచి దూరి రెటీనా మీదే పడుతుంది, రెటీనాకి నొప్పి తెలియదు, కాలుతుంటే కూడా చెప్పదు. మిలిటరీ తుపాకులకి బిగించే ఐఆర్ లేజర్ పీఈక్యూ-15 ని ఫుల్ పవర్‌లో మామూలు జనానికి అమ్మకుండా, పవర్ బాగా తగ్గించిన సివిలియన్ రకం విడిగా చేసింది ఇందుకే. మన వాళ్ళేమో ఊరూపేరూ లేని లేజర్ తెచ్చి, దాని మీద 5 మిల్లీవాట్లు అని స్టిక్కర్ ఉంది కదా అంటారు. 2013 లో అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్ 122 లేజర్ పాయింటర్లు కొని కొలిస్తే పచ్చ వాటిలో దాదాపు 90 శాతం, ఎర్ర వాటిలో 44 శాతం రూల్స్ దాటేశాయి. అవి కంటికి కనిపించే రకాలు. కనపడనిదాని స్టిక్కర్‌ని ఏ ధైర్యంతో నమ్మి అవతలివాడి మొహం మీద వేస్తారు? వాడికి పెళ్ళాం పిల్లలు లేరా? ట్యూబుతో గురి చూడాలంటే లేజరే అక్కర్లేదు, నైట్ విజన్ సెట్టింగ్ ఉన్న రెడ్ డాట్‌ని (గురి చుక్క చూపించే చిన్న అద్దాన్ని) తుపాకీ మీద ఎత్తు రైజర్ (దిమ్మె) మీద పెట్టుకుని ట్యూబులోంచే చూడండి. రెండు గేముల్లో అలవాటవుతుంది, ఎవరి కంటికీ ప్రమాదం లేదు, మీరెక్కడున్నారో ఎవరికీ తెలియదు కూడా.

ఎనిమిదోది మన తెలుగువాళ్ళ కోసమే రాసినట్టుంది: "ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టుకోండి, కెమెరా అనుకుంటారు, అక్కడ డబుల్ రేటు." తమ్ముళ్ళూ, దయచేసి ఇది చేయకండి. ఈ ట్యూబుల మీద అమెరికా ఎగుమతి చట్టాలున్నాయి. లైసెన్స్ లేకుండా దేశం దాటిస్తే అది ఎగుమతే, అమ్మినా అమ్మకపోయినా, వచ్చేటప్పుడు మళ్ళీ వెనక్కి తెచ్చుకుందామనుకున్నా. ఆయుధాల ఎగుమతి చట్టం కింద కేసయితే ఒక్కో నేరానికి 20 ఏళ్ళ దాకా జైలు, 10 లక్షల డాలర్ల దాకా జరిమానా. పెద్దవాళ్ళని వదిలేస్తారు అనుకోకండి, నైట్ విజన్ వివరాలు బయట దేశాలకి పంపినందుకు ఐటీటీ కంపెనీ అంతటిది 2007 లో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానాకి తలూపింది. అప్పట్లో అమెరికా సైన్యానికి ట్యూబులు చేసిచ్చిన కంపెనీ అది. దానికే దిక్కు లేకపోతే మన చెక్-ఇన్ బ్యాగు ఎంత?

ఇంకోటి, గ్రూప్‌లో సగం మంది హెచ్1బీ. ఆ చట్టం లెక్కలో హెచ్1బీ వాళ్ళు ఇక్కడ పదేళ్ళున్నా "ఫారిన్ పర్సన్" కిందే వస్తారు, గ్రీన్ కార్డ్ ఉంటే వేరు. అందుకే చాలామంది అమ్మేవాళ్ళు నేను యూఎస్ పర్సన్‌ని అని సంతకం పెట్టించుకుంటారు. ఏముందిలే అని టిక్కు పెట్టేయకండి. నేను గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా కొనలేదు, ఆ ఏళ్ళన్నీ టార్చ్‌తోనే ఆడా. ఒక బొమ్మాట కోసం వీసా పోగొట్టుకుని, పిల్లల్ని స్కూలు మధ్యలో మానిపించి ఇంటికెళ్ళే పరిస్థితి ఎవరికీ రావద్దు.

మిగిలింది తొమ్మిదోది. ఇది ఎవరూ చదివినట్టు లేరు, చివర్లో ఒక లైను: "కొత్తవాళ్ళు మొదటి ఏడాది అసలు నైట్ విజన్ కొనకండి, అరగంట చీకట్లో కూర్చుని కళ్ళు అలవాటు చేసుకోండి." దీనికి నేను ఒప్పుకుంటున్నా, పూర్తిగా. కళ్ళు చీకటికి బాగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచినా మళ్ళీ మొదటికొస్తుంది, ఆ ఓపిక ఉన్నవాడికి వెన్నెల రాత్రి పరికరం అక్కర్లేదు. మా ఫీల్డుకి ఒక పెద్దాయన వస్తాడు, అరవై దాటి ఉంటాయి, హెల్మెట్ కూడా పెట్టుకోడు, గాగుల్స్, కింద మొహానికి ఒక మాస్కు, అంతే. గేమ్‌కి అరగంట ముందే కారు లైట్లకి వీపు తిప్పి చెట్టుకింద కూర్చుంటాడు, ఎవరైనా ఫోన్ తీస్తే కసురుతాడు. పోయిన పౌర్ణమి గేమ్‌లో నేను ట్యూబు దించుకుని వాగు ఒడ్డునే వెళ్తున్నా, దూరంగా కదిలే ప్రతి ఆకూ నాకు కనిపిస్తోంది. "బ్యాంగ్" అని మెల్లగా, చెవి పక్కనే వినిపించింది. రెండు అడుగుల దూరంలో, నా ఎడమవైపు కూర్చుని ఉన్నాడు, కాల్చలేదు కూడా, భుజం తట్టి వదిలేశాడు. ట్యూబు చూపించేది 40 డిగ్రీలు. ఆయన ఆ 40 కి బయట ఉన్నాడు.