యంత్రం చివరి మాటకు ఒక మెగాబైట్ కేటాయించండి

దానంతట అదే రీబూట్ అయిన యంత్రంలో డిస్క్ మీది లాగ్ ఫైల్ తెరిచి చూస్తే, చివరి వరుస అంతా సవ్యంగానే ఉన్నట్టు చెబుతుంది. దాని కింది వరుస కొత్త బూట్‌ది. ఆ రెండు వరుసల నడుమ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నెల్ తనకు ఏమైందో, ఏ ఫంక్షన్‌లో ఏ చిరునామా దగ్గర ఆగిపోయిందో స్పష్టంగానే రాసుకుంది, కానీ ఆ రాతను దాచే చోటు దానికి ఎవరూ చూపించలేదు. యంత్రాలు తయారుచేసేవాళ్లు, వాటికి సాఫ్ట్‌వేర్ సమకూర్చేవాళ్లు చూపే ఈ నిర్లక్ష్యం మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ర్యామ్‌లో ఒక్క మెగాబైట్ పక్కన పెడితే తీరే సమస్య కోసం మనుషులు వారాల తరబడి చీకట్లో తడుముకోవలసి రావడం నాకు ఏమాత్రం సమంజసంగా తోచదు.

నేను చూసుకునే ఒక చిన్న లినక్స్ యంత్రం రెండు మూడు రోజులకొకసారి చెప్పాపెట్టకుండా రీబూట్ అయ్యేది. పవర్ సప్లై మార్చాను, ర్యామ్‌ను రాత్రంతా పరీక్షించాను, వేడెక్కుతోందేమోనని ఫ్యాన్ పెట్టాను. అలా మూడు వారాలు గడిచాయి. చివరికి కెర్నెల్ బూట్ పారామీటర్లలో క్రాష్ సమాచారాన్ని ర్యామ్‌లో ఒక మూల దాచే ర్యామ్‌ఊప్స్‌కు ఒక మెగాబైట్ కేటాయించి ఎదురుచూస్తే, తర్వాతి రీబూట్ కాగానే, అలా దాచినవాటిని ఫైళ్లుగా చూపే పీస్టోర్ డైరెక్టరీలో రెండు ఫైళ్లు కనిపించాయి. ఒకటి ప్యానిక్ రికార్డు, అంటే ఇక కొనసాగలేక ఆగిపోయేటప్పుడు కెర్నెల్ రాసింది; రెండోది కన్సోల్ లాగ్, అంటే కెర్నెల్ సందేశాల వరుస. నెట్‌వర్క్ కేబుల్ లింక్ పడిపోయిన క్షణంలో డ్రైవర్ తన టైమర్‌ను రద్దు చేయకుండానే మెమరీని విడిచిపెడుతోందని, కాసేపటికి ఆ టైమర్ మేల్కొని లేని చోటును ముట్టుకుంటోందని ప్యానిక్ రికార్డులోని ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) చదివిన పది నిమిషాల్లో అర్థమైంది. మూడు వారాల పాటు నేను అనుమానించిన వాటిలో ఒక్కటీ దోషి కాదు.

డిస్క్ మీది లాగ్ ఇలాంటప్పుడు ఎందుకు పనికిరాదో చాలామంది ఆలోచించరు. ఫైల్‌లో రాసింది వెంటనే డిస్క్‌కు చేరదు. లినక్స్‌లో మామూలు సెట్టింగుల ప్రకారం అది 30 సెకన్ల దాకా మెమరీలోనే ఉండిపోవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ప్యానిక్ అయిన కెర్నెల్ తన సొంత ఫైల్ సిస్టమ్ కోడ్‌ను కూడా నమ్మలేని స్థితిలో ఉంటుంది. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపే తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియదు, బఫర్లలో ఏముందో తెలియదు. ఆ పరిస్థితిలో డిస్క్ మీద రాయబోతే క్రాష్ కారణం దక్కడం మాట అటుంచి, ఉన్న డేటా పాడైపోయే ప్రమాదం ఉంది. అందుకే డ్రైవర్లతోనూ తాళాలతోనూ పనిలేకుండా, ఒక చిరునామాలో నేరుగా బైట్లు పెట్టేసి పక్కకు తప్పుకునే పద్ధతి కావాలి.

కరెంటు పోతే ర్యామ్ ఖాళీ అవుతుందన్న పాఠం మనందరికీ గట్టిగా నాటుకుపోయింది కాబట్టి, రీబూట్ అయినా ర్యామ్ చెరిగిపోతుందనే అనుకుంటాం. కానీ పవర్ ఆపకుండా జరిగే వార్మ్ రీబూట్‌లో మెమరీకి కరెంటు ఆగదు. ఆగినా చిప్‌లోని ఛార్జ్ వెంటనే ఇంకిపోదని, కొన్ని సెకన్ల పాటు, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు డేటా నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు కరెంటు తీసి వెంటనే మళ్లీ ఇచ్చి మెమరీని చదివే కోల్డ్ బూట్ దాడి ద్వారా చూపించారు. నిజానికి ఈ ఆలోచన చాలా పాతది. క్రాష్ అయినప్పటి మెమరీ నకలుకు వాడే కోర్ డంప్ అనే మాటలోని కోర్, కరెంటు పోయినా సమాచారాన్ని నిలుపుకొనే అయస్కాంత కోర్ మెమరీయే. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలా యంత్రాలలో కెర్నెల్ సందేశాల బఫర్‌ను వార్మ్ రీబూట్ తర్వాత మళ్లీ గుర్తుపట్టి, పాత సందేశాలను కొత్తవాటికి ముందు చూపిస్తాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు ర్యామ్ కన్సోల్ అనే డ్రైవర్‌తో ఇదే పని చేసేవి. లినక్స్‌లో పీస్టోర్ 2011లో వచ్చింది, మరుసటి ఏడాది ర్యామ్‌ఊప్స్ దానిలో భాగమైంది. ఇన్నేళ్లుగా చేతికి అందుతున్న సౌకర్యాన్ని వాడుకోకపోవడానికి తెలియకపోవడం ఒక సాకు కాలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూపించాలి. నా కన్సోల్ లాగ్‌లో టైమర్ అనే ఇంగ్లిషు మాటలో ‘ఈ’ అక్షరం ఉండవలసిన చోట ‘ఏ’ అక్షరం ఉంది. వాటి కోడ్‌లు 101, 97, అంటే రెండింటికీ తేడా ఒకే ఒక్క బిట్. రీసెట్ సమయంలో మెమరీ కంట్రోలర్ మళ్లీ సిద్ధమయ్యే లోపు ఎక్కడో ఒక సెల్ తన ఛార్జ్‌ను పోగొట్టుకుని ఉంటుంది. కన్సోల్ లాగ్ మామూలు అక్షరాలలో ఉంటుంది కాబట్టి అక్కడ ఒక అక్షరం మారినా చదువుకోవచ్చు. ప్యానిక్ రికార్డును మాత్రం సాధారణంగా కుదించి దాస్తారు, అందులో ఒక బిట్ తప్పితే మొత్తం రికార్డు విప్పుకోకుండా పోవచ్చు. ర్యామ్‌ఊప్స్‌లో ఎర్రర్ కరెక్షన్‌ను ఆన్ చేస్తే ప్రతి 128 బైట్లకు 16 బైట్ల సరిదిద్దే కోడ్ చేరుతుంది, అలాంటి చిన్న దెబ్బలను అది మాన్పుతుంది. అయితే ఆ సదుపాయాన్ని మనం అడిగితే తప్ప ఆన్ కాదు. దయచేసి అడగండి.

ర్యామ్‌ఊప్స్‌లో కన్సోల్ లాగ్ ఉండే కన్సోల్ జోన్‌కు చోటు తగ్గించి మొత్తం ప్యానిక్ రికార్డులకే ఇచ్చేవాళ్లను చూశాను, అది పొరపాటు. యంత్రం బిగుసుకుపోయి, దాని స్పందన ఆగిందని గమనించే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ దాన్ని రీసెట్ చేసినప్పుడు ప్యానిక్ అనే ఘట్టమే జరగదు, కాబట్టి ఆ రికార్డు కూడా పుట్టదు. సందేశం వచ్చినప్పుడల్లా ఎప్పటికప్పుడు రాసుకుంటూ పోయే కన్సోల్ జోన్ ఒక్కటే అప్పుడు సాక్ష్యం చెబుతుంది.

క్రాష్ అయ్యాక రెండో కెర్నెల్‌ను లేపి మెమరీ నకలు తీసే కేడంప్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. పెద్ద సర్వర్లలో కేడంప్‌ను మించినది లేదు, మెమరీ మొత్తాన్ని పరిశీలించే అవకాశం అదే ఇస్తుంది. కానీ దానికి రెండో కెర్నెల్ కోసం వందల మెగాబైట్లు పక్కన పెట్టవలసి రావచ్చు, ఆ రెండో కెర్నెల్ సవ్యంగా లేవాలి, డిస్క్ లేదా నెట్‌వర్క్ డ్రైవర్ పనిచేయాలి. చిన్న యంత్రాలకు ఆ భారం తగదు. ఇక యంత్రం లేచేటప్పుడు ముందుగా నడిచే ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ వేరియబుల్స్‌లో దాచే పద్ధతి కరెంటు తీసేసినా నిలుస్తుంది గానీ, ఆ చోటు చాలా ఇరుకు. 2013లో ఆ స్థలం నిండిపోయి కొన్ని ల్యాప్‌టాప్‌లు అసలు బూట్ కాకుండా పోయిన తర్వాత, కనీసం 5 కిలోబైట్లు ఖాళీగా ఉంచే నియమం కెర్నెల్‌లోకి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఫర్మ్‌వేర్ ప్రవర్తన. కోల్డ్ బూట్ దాడికి విరుగుడుగా బూట్ సమయంలో ర్యామ్ తుడిచే ఏర్పాటు ఉంది, మెమరీని ఎన్‌క్రిప్ట్ చేసే ప్రాసెసర్లలో ప్రతి రీసెట్‌కూ కొత్త కీ పుట్టడం వల్ల పాత రాత చదవరాకుండా పోతుంది. రహస్యాలను కాపాడటం అవసరమే, క్రాష్ లాగ్‌లో కూడా కెర్నెల్ చిరునామాల వంటి సున్నితమైన వివరాలు ఉంటాయి కనుక ఆ ఫైళ్లను నిర్వాహకుడికి మాత్రమే చూపాలన్నది నేను ఒప్పుకుంటాను. కానీ ఏ దాడి భయమూ లేని చోట కూడా కెర్నెల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్, తన సొంత కోడ్‌ను కాపీ చేసుకునే చోటును కెర్నెల్ కేటాయించుకున్న ప్రాంతం మీదే పెట్టి లాగ్‌ను చెరిపేస్తే, దానికి భద్రత కారణమని చెప్పడం కుదరదు. అది రెండు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం. ఏ చిరునామాలను ఎవరూ ముట్టుకోకూడదో బూట్‌లోడర్, కెర్నెల్ రాసేవాళ్లు ఒకే కాగితం మీద రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇప్పుడు నా చేతికి కొత్త యంత్రం వస్తే మొదటి రోజే కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ద్వారా కెర్నెల్‌ను కావాలని క్రాష్ చేస్తాను. కొన్ని సెకన్లకు అదే రీబూట్ అయ్యేలా ప్యానిక్ టైమౌట్ ముందే పెట్టి ఉంచుతాను, లేకపోతే అది ఆగిపోయి అలాగే నిలబడుతుంది. పైకి లేచాక లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ ఆ రికార్డులను వార్ డైరెక్టరీ కింద తన పీస్టోర్ డైరెక్టరీలోకి తరలించిందో లేదో చూస్తాను, తర్వాత వాచ్‌డాగ్ రీసెట్‌తో రెండోసారి పరీక్షిస్తాను. ఈ రెండు పరీక్షల్లో ఏ ఒక్కదాని తర్వాత చివరి సందేశాలు దొరక్కపోయినా, ఆ యంత్రాన్ని పనిలో పెట్టడానికి నేను సంతకం చేయను.